కాంతితో కోసిన రైలు స్టేషను

ఎండలో భూతద్దమును పట్టి కాగితమును కాల్చి చూడని విద్యార్థి అరుదు. అద్దమునకు ఒకవైపు పడిన ఎండ రెండవవైపున చిన్న చుక్కగా చేరును. ఆ చుక్క క్రింద కాగితము మొదట నల్లబడి, పిమ్మట పొగ వచ్చి, చివరకు రంధ్రము పడును. చేతిని మెల్లగా జరిపినచో ఆ రంధ్రమే గీతగా సాగును. అనగా కాగితమును కాంతితో కోసితిమన్నమాట.

ఈ ఆటనే మిక్కిలి నిశితముగా చేయునది లేసర్ కోత యంత్రము. ఉక్కు రేకులను కోయు పెద్ద యంత్రములు కర్మాగారములలో ఉన్నవి. మనము ఇప్పుడు చూడబోవునది వాటి చిన్న తమ్ముడు. ఇది బల్లమీద అమరి, అట్టను, పలుచని చెక్కను, ఆక్రిలిక్ పలకను కోయును. బ్రిటన్‌లో నమూనా రైళ్లు చేయువారు దీనితో స్టేషను భవనములను, పేరు పలకలమీది అక్షరములను తయారుచేయుచున్నారు. వారి పనిని కొంచెము దగ్గరగా పరిశీలించినచో కాంతిని గూర్చియు, కొలతను గూర్చియు పనికివచ్చు సంగతులు చాల తెలియును.

బొమ్మ రైలు, నమూనా రైలు

ఈ రెండును ఒకటి కావు. బొమ్మ రైలు రైలువలె కనిపించిన చాలును. నమూనా రైలులో ఇంజను, పెట్టె, స్టేషను, మనిషి, దీపస్తంభము అన్నియు ఒకే నిష్పత్తిలో తగ్గవలెను. బ్రిటన్‌లో ఎక్కువ వాడుకలోనున్న కొలత ‘ఓఓ’ అనునది. ఇందులో అసలు వస్తువుయొక్క ఒక అడుగు, నమూనాలో 4 మి.మీ. అగును. అడుగునకు 304.8 మి.మీ. కావున నిష్పత్తి 1 : 76.2. ఆరడుగుల మనిషి ఇచ్చట 24 మి.మీ. ఎత్తున నిలుచును. ఐరోపా ఖండమునందును, అమెరికాలోను ‘హెచ్.ఓ.’ అను 1 : 87 కొలత ఎక్కువ. ఇంకను చిన్నదైన ‘ఎన్’ కొలత బ్రిటన్‌లో 1 : 148, ఇతర దేశములలో సాధారణముగా 1 : 160.

యంత్రము రాకముందు ఈ భవనములను చేతితోనే చేసెడివారు. ఇంగ్లండులో లాంగ్ విటెన్‌హామ్ అను గ్రామమున పెండన్ ప్రదర్శనశాల ఉన్నది. రాయ్ ఇంగ్లండ్ అను ఆయన 1954లో దానిని స్థాపించెను. ఆ ప్రాంతపు పాత పల్లెటిండ్లు మారిపోవుచుండుట చూచి, 1920–30ల నాటి పల్లె రూపమును నమూనాగానైనను నిలుపవలెనని ఆయన తలచెను. అచ్చటి ఇండ్లు 1 : 76 కొలతలో అట్టతో చేసినవి. అట్టపై ఇటుకలను ఒక్కొక్కటిగా గీచి, నీటి రంగులు వేసిరి. ఒక ఇంటికి నెలల కొలది కాలము పట్టెడిది. లేసర్ యంత్రము ఆ గీతలను నిమిషములలో గీయగలదు. అయితే కొలత తప్పైనచో తప్పును కూడ నిమిషములలోనే కోయును. ఈ సంగతి ముందు ముందు తేటపడును.

చుక్క ఎంత చిన్నది?

భూతద్దము కాగితమునకు రంధ్రము చేయునే కాని చెక్కను చక్కగా కోయలేదు. కారణమేమి? 50 మి.మీ. వ్యాసముగల కటకముపై మంచి ఎండలో పడు శక్తి సుమారు 2 వాట్లు. దాని నాభ్యంతరము 100 మి.మీ. అయినచో నాభివద్ద ఏర్పడు చుక్క వ్యాసము సుమారు 0.9 మి.మీ. అంతకంటె చిన్నది కాజాలదు. ఏలయన ఆ చుక్క సూర్యబింబముయొక్క ప్రతిబింబము. ఆకసమున సూర్యుడు బిందువు కాడు, అర డిగ్రీ వెడల్పుగల బింబము. ఈ లెక్కన చుక్కలో ఒక్క చదరపు మిల్లీమీటరుపై పడునది సుమారు 3 వాట్లు.

లేసర్ కాంతి ఇట్టిది కాదు. ఉత్తేజము పొందిన అణువుమీద తగిన కాంతి పడినచో, ఆ అణువు అదే తరంగదైర్ఘ్యముతో, అదే దిశలో, అడుగు కలిపి నడచు సైనికునివలె కాంతిని వెడలించునని ఐన్‌స్టీన్ 1917లో సూచించెను. దీనినే ఉత్తేజిత ఉద్గారము అందురు. ఈ సూత్రముపై పనిచేసిన మొదటి లేసర్‌ను అమెరికాలో థియొడోర్ మైమన్ 1960లో కెంపు కడ్డీతో నిర్మించెను. బొగ్గుపులుసు వాయువును వాడు లేసర్‌ను 1964లో బెల్ ప్రయోగశాలలలో కనుగొన్నవాడు మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. నేడు అట్టను, చెక్కను కోయు యంత్రములలో అనేకము ఈ జాతివే. గాజు గొట్టములో బొగ్గుపులుసు వాయువు, నత్రజని, హీలియము కలిసియుండును. విద్యుత్తు వలన ఉత్తేజము పొందిన నత్రజని అణువులు తమ శక్తిని బొగ్గుపులుసు వాయువు అణువులకు అందించును. అవి కాంతిని వెడలించును. ఆ కాంతి తరంగదైర్ఘ్యము 10.6 మైక్రోమీటర్లు. ఇది పరారుణ కాంతి, కంటికి కానరాదు.

ఈ కాంతిపుంజము దాదాపు సమాంతరముగా సాగును. కావున కటకము దానిని మిక్కిలి చిన్న చుక్కగా చేర్చగలదు. చుక్క వ్యాసమును ఉజ్జాయింపుగా ఇట్లు కట్టవచ్చును: 1.27 × తరంగదైర్ఘ్యము × నాభ్యంతరము ÷ పుంజపు వ్యాసము. నాభ్యంతరము 50 మి.మీ., పుంజపు వ్యాసము 5 మి.మీ. అనుకొనుడు. అప్పుడు 1.27 × 0.0106 × 50 ÷ 5 = 0.135 మి.మీ. నలుబది వాట్ల యంత్రమైనచో ఆ చుక్కలో చదరపు మిల్లీమీటరునకు సుమారు 2,800 వాట్లు. భూతద్దపు చుక్కకంటె దాదాపు తొమ్మిదివందల రెట్లు! అందుచేతనే చెక్క మండుటకు వ్యవధి లేకుండగనే ఆ సన్నని గీత పొడవునను ఆవిరియై పోవును. పక్కనే యొక చిన్న గొట్టమునుండి గాలి వీచి, పొగను తరిమి, మంటను అణచును.

లోహములకు మాత్రము వీచు వాయువు మరియొక పనికూడ చేయును. 1967లో ఇంగ్లండులో పీటర్ హౌల్డ్‌క్రాఫ్ట్ లేసర్ చుక్కతోబాటు ప్రాణవాయువును వదలి, ఒక మి.మీ. మందముగల ఉక్కు రేకును కోసెను. అచ్చట ఇనుము ప్రాణవాయువుతో కలిసి మండి కోతకు తోడ్పడును. చెక్కకు ఆ సహాయము అక్కరలేదు. అట్లు చేసినచో చెక్క అంతయు అంటుకొనును.

కోతకు వెడల్పు గలదు

వడ్రంగి పలకను రెండుగా కోసినపుడు రంపపు పొట్టు రాలును. ఆ పొట్టు పలకనుండి పోయినదే. కనుక రెండు ముక్కలను తిరిగి చేర్చినచో మొదటి పొడవు రాదు. అనుభవముగల వడ్రంగి రంపము మందమును లెక్కలో వేసికొనియే గీత గీయును. లేసర్‌కును ఇదే నియమము. కిరణము గీత మధ్యగా నడచి, ఇరువైపుల సగము సగము వస్తువును తినివేయును. పలుచని అట్టలోను, చెక్కలోను ఈ కోత వెడల్పు సాధారణముగా 0.1 నుండి 0.2 మి.మీ. వరకు ఉండును.

ఇది స్వల్పమని తోచవచ్చును. కాని ఒక గోడకు నాలుకను, మరియొక గోడకు దానికి తగిన గాడిని కోసి రెండింటిని బిగింపవలెననుకొనుడు. నాలుక వెడల్పు 10 మి.మీ., గాడి వెడల్పు 10 మి.మీ. అని గీచితిమి. కోత వెడల్పు 0.15 అయినచో నాలుక 9.85 మి.మీ.కు తగ్గును, గాడి 10.15 మి.మీ.కు పెరుగును. రెండింటికి నడుమ 0.3 మి.మీ. సందు. దీనిని 76.2తో హెచ్చింపుడు. అసలు భవనములో అది 23 మి.మీ. బీట! వేలు దూరునంత సందుగల గోడను ఏ మేస్త్రియైనను కట్టునా? అందుచేత నాలుకను 10.15గాను, గాడిని 9.85గాను గీయవలెను, కోసినపిదప రెండును 10 అగును.

గీతల క్రమము కూడ ముఖ్యమే. ముందుగా కిటికీలను, గాడులను కోసి, గోడ వెలుపలి అంచును చివరకు కోయవలెను. వెలుపలి అంచును ముందు కోసినచో గోడ పలకనుండి విడివడి కొంచెము జరుగును. ఆ తరువాత కోసిన కిటికీ వంకరగా పడును.

ఇటుక గోడ

ఒకే కిరణము కోయుటకును, గీయుటకును పనికివచ్చును. భేదము వేగములో ఉన్నది. నలుబది వాట్ల కిరణము సెకనుకు 20 మి.మీ. నడచినచో ఒక్కొక్క మిల్లీమీటరునకు 2 జౌళ్ల శక్తి ఇచ్చును. అదే 200 మి.మీ. నడచినచో 0.2 జౌళ్లు మాత్రమే. మొదటిది పలుచని పలకను తెగకోయును. రెండవది పైపొరను మాత్రమే కాల్చి గీత వేయును.

ఇంగ్లండులో నేటి ప్రమాణపు ఇటుక పొడవు 215 మి.మీ., ఎత్తు 65 మి.మీ. నడుమ సున్నపు లేక సిమెంటు అదుకు 10 మి.మీ. కాబట్టి ఇటుకల ఒక్కొక్క వరుసకు 75 మి.మీ. దానిని 76.2తో భాగించిన, నమూనాలో వరుస ఎత్తు 0.98 మి.మీ. వచ్చును. అదుకు మందము 0.13 మి.మీ. ఇప్పుడు ఒక చక్కని సంగతిని గమనింపుడు: మనము కట్టిన లేసర్ చుక్క వ్యాసము కూడ దాదాపు ఇంతయే. అనగా ‘ఓఓ’ కొలతలో ఒక్కసారి కిరణము నడచినంతనే సరియైన వెడల్పుగల అదుకు ఏర్పడును. ‘ఎన్’ కొలతలోనైతే అదుకు 0.07 మి.మీ. ఉండవలెను, కిరణమే దానికి రెట్టింపు వెడల్పు. కనుక అచ్చట ఇటుకలు సన్నబడి, అదుకులు లావై, గోడ గళ్ల గుడ్డవలె కనిపించును. ఎంత మంచి యంత్రమునకైనను ఇట్లొక హద్దు ఉండును. అది తరంగదైర్ఘ్యము విధించిన హద్దు.

భవనమును ఒకే పలకతో కాక పొరలుగా చేయుదురు. లోపలి గోడకు రెండు మిల్లీమీటర్ల చెక్కపలక, దానిపై ఇటుకలు గీచిన పలుచని పొర, కిటికీ చట్రములకు దళసరి కాగితము. 25 మి.మీ. వెడల్పుగల కిటికీ అడ్డుపుల్ల నమూనాలో 0.33 మి.మీ. అగును. చాకుతో కాగితమును అంత సన్నగా కోయబోయిన చినుగును. లేసర్ వస్తువును తాకదు, లాగదు. అందుచే ఆ పుల్ల నిలుచును.

అక్షరముల చిక్కు

స్టేషను పేరు పలకపై అక్షరములు 300 మి.మీ. ఎత్తున్నవనుకొందము. నమూనాలో అవి 4 మి.మీ. లోపు. అక్షరపు గీత దాని ఎత్తులో ఏడవ వంతైనచో 0.56 మి.మీ. ఇరువైపుల కోత తినివేయగా మిగులునది 0.42. అనగా గీతలో నాలుగవ వంతు పోయి అక్షరము చిక్కిపోవును. రైల్వేలు తమ అక్షరముల రూపమును ఎంతో శ్రద్ధతో నిర్ణయించుకొన్నవి. పూర్వము బ్రిటన్‌లో ఎల్.ఎన్.ఇ.ఆర్. అను సంస్థ ఎరిక్ గిల్ రూపొందించిన అక్షరములను వాడెను. 1965లో బ్రిటిష్ రైల్వేలకు జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వర్ట్ కొత్త అక్షరములను కూర్చిరి. అట్టి రూపము నిలువవలెనన్నచో గీతకు అన్నివైపుల సగము కోత వెడల్పును ముందుగా చేర్చి గీయవలెను.

అక్షరములను రెండు విధముల చేయవచ్చును. అక్షరములనే విడిగా కోసి పలకకు అంటించుట ఒకటి. పలకలో అక్షరపు ఆకారమున రంధ్రము చేసి, దానిమీదుగా రంగు పూయుట రెండవది. రెండవ పద్ధతిలో ఆంగ్లపు ‘ఓ’ అక్షరము వచ్చినచో దాని లోపలి గుండ్రని భాగము ఆధారము లేక రాలిపోవును. అందుకే రంగుపూత పలకలలో అట్టి అక్షరములకు అడ్డముగా చిన్న వంతెనలు వదలుదురు. మొదటి పద్ధతిలో ఆ చిక్కు లేదు. కాని విడిపోయిన చుక్కలు, ముక్కలు గాలికి ఎగిరిపోవును. కనుక కోయుటకు ముందే కాగితపు పలకకు వెనుక జిగురు పొరను అంటించి, కోసినపిమ్మట పైన జిగురు పట్టీని అద్ది, అక్షరములన్నిటిని ఒక్కసారిగా ఎత్తి పలకపై దింపుదురు. మూడవ ఉపాయము కూడ ఉన్నది. రెండు రంగుల పొరలుగల ఆక్రిలిక్ పలకలో పై పొరను మాత్రము కాల్చివేసినచో, క్రింది రంగు అక్షరములుగా బయటపడును. ఏ ముక్కయు రాలదు.

మన దేశపు స్టేషనును నమూనాగా చేయదలచినవారికి ఈ చిక్కు ఇంకను ఎక్కువ. మన పలకలపై ప్రాంతీయ భాష, హిందీ, ఆంగ్లము మూడును ఉండును. ‘విశాఖపట్నం’ అను పేరును తీసికొనుడు. చివరి సున్న వలయము. రంగుపూత పలకలో దాని నడిమి భాగము రాలును. విడి అక్షరములుగా కోసినచో ‘ప’ మీది తలకట్టు, సామాన్యముగా అక్షరమునకు తగులకుండుటచే, వేరు ముక్కయగును. ‘ట’ క్రింది నకారపు వత్తు మరియొక ముక్క. ఆంగ్లమున ఐ, జే అను చిన్న అక్షరముల చుక్కలకే ఉన్న ఈ బాధ మనకు తలకట్టుకును, వత్తునకును గలదు. కాబట్టి తెలుగు పలకలకు రెండు పొరల ఆక్రిలిక్ పద్ధతియే మేలు.

ఏది కోయవచ్చును, ఏది కూడదు

కాగితము, అట్ట, చెక్క ఈ కిరణమునకు చక్కగా లొంగును. అంచులు మాత్రము కొంచెము గోధుమరంగు తిరుగును. ఆక్రిలిక్ ఆవిరియై పోయి గాజువంటి నునుపైన అంచు మిగులును. నమూనాలు చేయువారు చిరకాలముగా వాడు పాలిస్టైరీన్ పలక కోతకు ముందే కరగి అంచు ముద్దకట్టును. మెరయు ఇత్తడి ఈ కిరణమును చాలవరకు పరావర్తనము చేయును. కనుక ఇంజను పేర్ల ఇత్తడి పలకలను ఆమ్లాది ద్రవములతో తినిపించియే చేయుదురు.

అన్నిటికంటె ముఖ్యమైన నిషేధము పి.వి.సి. ఇది కాలినపుడు హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడును. అది తేమతో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లమై ఊపిరితిత్తులకు హాని చేయును. యంత్రపు ఉక్కు భాగములను కూడ తుప్పు పట్టించును. చిక్కేమనగా పి.వి.సి. చూచుటకు ఇతర ప్లాస్టిక్కులవలెనే ఉండును. బజారులో ఫోమ్ బోర్డులని అమ్మువాటిలో కొన్నియు, రెక్సినులో చాలవరకును పి.వి.సి.తో చేసినవే. రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు దీనిని సులభముగా కనుగొనగలరు. రాగితీగను ఎర్రగా కాల్చి ప్లాస్టిక్కుకు తాకించి తిరిగి మంటలో ఉంచినచో, మంట ఆకుపచ్చగా మారుట క్లోరిన్ ఉనికికి గుర్తు. ఈ పరీక్షను మిక్కిలి చిన్న ముక్కతో, గాలి ఆడు చోట, ఉపాధ్యాయుడే చేయవలెను.

కంటిని గూర్చి కూడ జాగ్రత్త అవసరము. 10.6 మైక్రోమీటర్ల కాంతిని కంటి ముందుపొర పీల్చుకొని కాలిపోవును. చవుకగా దొరకు నీలికాంతి డయోడు యంత్రములలోని కిరణమైతే లోపలి రెటీనావరకు చేరును. మామూలు స్పష్టమైన ఆక్రిలిక్ మూత మొదటి కిరణమును ఆపును. రెండవ దానికి అది తెరచిన తలుపే. కంటికి పారదర్శకమైనది ప్రతి కిరణమునకు పారదర్శకము కాదు, కానిది ఆపునదియు కాదు. కనుక ఆ కిరణమునకు తగిన కవచమునే వాడవలెను. పని జరుగుచుండగా యంత్రమును విడిచి పోరాదు. చెక్క ఎప్పుడైనను అంటుకొనవచ్చును.

తరగతిలో చేయదగిన పని

యంత్రము లేని పాఠశాలలో కూడ ఇందులోని ముఖ్య పాఠమును నేర్పవచ్చును. ఒక చెక్క పట్టీపై సరిగా 10 మి.మీ.కు ఒకటి చొప్పున పదునొకండు గీతలు గీయుడు. గీతల మధ్యగా సన్నని రంపముతో కోయుడు. పది ముక్కలు వచ్చును. వాటిని బిగ్గరగా చేర్చి కొలువుడు. 100 మి.మీ.కు తక్కువైనదానిని పదితో భాగించిన కోత వెడల్పు తెలియును. లేసర్ వాడువారు చేయు పరీక్షయు ఇదియే. వారికి మొత్తము 98.5 మి.మీ. వచ్చినచో కోత 0.15. ఒక్క ముక్కను కొలిచిన కనబడని తేడా పది ముక్కలలో కనబడును.

పిమ్మట మీ పాఠశాలనో, మీ ఊరి పాత భవనమునో కొలువుడు. ఎత్తును కొలుచుటకు నిచ్చెన అక్కరలేదు. చేతికందు చోట పది ఇటుక వరుసల ఎత్తును కొలిచి పదితో భాగింపుడు. గోడలోని వరుసలను లెక్కించి దానితో హెచ్చింపుడు. స్టేషనునే కొలువదలచినచో అధికారుల అనుమతితో, ప్లాట్‌ఫారముపై నుండియే కొలువవలెను; పట్టాలపైకి దిగరాదు. మన బ్రాడ్ గేజి 1,676 మి.మీ.; 1 : 76.2 కొలతలో అది 22 మి.మీ. బ్రిటన్‌లో అమ్ము ‘ఓఓ’ పట్టాల వెడల్పు 16.5 మి.మీ. మాత్రమే. అది వారి 1,435 మి.మీ. పట్టాలకే చాలదు, అందుకు 18.83 ఉండవలెను. ఈ తేడాను సహింపలేక కొందరు బ్రిటిష్ అభిమానులు 18.83 మి.మీ. పట్టాలను తామే వేసికొందురు.

కిరణమునకు స్టేషనును గూర్చి ఏమియు తెలియదు. మనము గీచిన గీతవెంట అది నడచును. గీత సరియైనచో గోడ సరియగును. పెండన్‌లో చాకుతో కోసిన ఇండ్లు నేటికిని విలువైనవగుటకు కారణము చాకు కాదు, ఆ కోతకు ముందు తీసిన కొలతలు. మన ఊళ్లలో పాత స్టేషన్లు, సత్రములు, బడులు ఒకటొకటిగా మారుచున్నవి. ఒక భవనమును పడగొట్టిన పిదప ఏ లేసర్‌ను తెచ్చినను దాని కిటికీ వెడల్పును చెప్పజాలదు. అది నిలిచియుండగనే టేపును, కాగితమును తీసికొని పోయినవాడే చెప్పగలడు.